స్కాన్ చూసి మ్యాప్ సరిచేయించుకోవడం ఎలా? కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి

"శబ్దం వస్తోంది మేడమ్, మాటే తెలీట్లేదు."

విశాఖ మహారాణిపేటలో నేను కూర్చునే మ్యాపింగ్ గదిలో, అంటే ఇంప్లాంట్‌లో ఏ ఎలక్ట్రోడ్‌కి ఏ శబ్దం, ఎంత కరెంటు అన్న లెక్కని (దాన్నే మ్యాప్ అంటాం) సరిచేసే గదిలో, ఈ మాట వినని వారం ఉండదు. ఆపరేషన్ బాగానే జరిగింది, స్విచ్ ఆన్ అయింది, ఏడాదిగా థెరపీ నడుస్తోంది. అయినా మాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. లేదా ఇంట్లో అందరి గొంతులూ చిలకపలుకుల్లా సన్నగా వినిపిస్తాయి. మ్యాపింగ్‌కి వచ్చిన ప్రతిసారీ శబ్దం కాస్త పెంచడం, కాస్త తగ్గించడం, ఇంటికి వెళ్లడం. అలాంటివాళ్లని నేను ఈమధ్య మొట్టమొదట అడిగేది ఇదే: "ఆపరేషన్‌కి ముందు తీసిన సీటీ సీడీ ఇంట్లో ఉందా?"

చాలామంది వింతగా చూస్తారు. స్కాన్ సర్జన్‌కి కదా కావాలి, ఆపరేషన్ అయిపోయాక దాంతో పనేముంది అనుకుంటారు. ఉంది. కాక్లియర్ ఇంప్లాంట్ అంటే లోపలి చెవిలోకి ఎలక్ట్రోడ్లున్న తీగ పంపి, వినికిడి నాడికి కరెంటుతో శబ్దం అందించే పరికరం. ఆ తీగ లోపల ఎక్కడిదాకా వెళ్లింది, ఏ ఎలక్ట్రోడ్ నాడికి ఎంత దూరంలో ఉంది అన్నది బొమ్మలోనే తెలుస్తుంది. అది తెలిస్తే మ్యాప్‌లో ఇంతవరకు ఎవరూ ముట్టుకోని భాగాన్ని కూడా సరిచేయొచ్చు. అందుకు ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, స్కాన్ సెంటర్లో ఏమని చెప్పాలి, ఆడియాలజిస్టుని, అంటే మ్యాపింగ్ చేసే వినికిడి నిపుణుల్ని, ఏం అడగాలి అన్నది వరసగా రాస్తున్నాను.

ముందు కాస్త అసలు సంగతి

ఆర్కే బీచ్‌లో గవ్వలు, శంఖాలు అమ్మే బండ్ల దగ్గర నత్తగుల్ల చూసే ఉంటారు. లోపలి చెవిలోని కాక్లియా అచ్చం అలాగే చుట్టుకుని ఉంటుంది. రెండున్నర చుట్ల పైచిలుకు. గుమ్మం దగ్గర ఉన్న నాడి పోగులు సన్నటి శబ్దాలకి, అంటే ఈల, 'స్' లాంటివాటికి. లోపలికి వెళ్లేకొద్దీ శబ్దం లావవుతుంది. చిట్టచివరి కొసన ఓడ సైరను, మగవాళ్ల గొంతులోని బొంగురు. మొదటి చుట్టు పూర్తయ్యే చోటు దాదాపు 1000 హెర్ట్జ్‌ది. ఏ చోటుకి ఏ శబ్దం అన్న ఈ లెక్కని గ్రీన్‌వుడ్ సూత్రం అంటారు. డోనాల్డ్ గ్రీన్‌వుడ్ 1961లో మొదట ఇచ్చి, 1990లో దాన్ని సవరించాడు.

ఇంప్లాంట్ తీగ మీద న్యూక్లియస్‌కి 22, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌కి 16, మెడ్‌ఎల్‌కి 12 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. స్విచ్ ఆన్ రోజు సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, వచ్చే శబ్దాన్ని ముక్కలు చేసి ఎలక్ట్రోడ్లకి పంచిపెడుతుంది. న్యూక్లియస్ అయితే మామూలుగా 188 నుంచి 7938 హెర్ట్జ్ దాకా 22 వాటాలు. మీ తీగ లోతుగా వెళ్లిందా, మధ్యలో ఆగిందా అన్నది దానికి తెలీదు. అందరికీ ఒకటే పంపకం.

ఇప్పుడు మీ తీగ కొస ఒక్క చుట్టు దగ్గర ఆగిందనుకోండి. ఆ కొస ఎలక్ట్రోడ్‌కి సాఫ్ట్‌వేర్ పంపేది 250 హెర్ట్జ్ శబ్దం. అక్కడి నాడికి పుట్టినప్పటినుంచి అలవాటైంది 1000 దగ్గర. 250కి రెట్టింపు 500, దానికి రెట్టింపు 1000. అంటే రెండు స్థాయిలు పైకి. హార్మోనియం మీద మంద్ర స్థాయి 'స' మెట్టు నొక్కితే తారస్థాయి 'స' పలికినట్టు. చిలకపలుకులకి ఇదొక కారణం.

మెదడు సర్దుకోదా అంటారు. సర్దుకుంటుంది, అందుకే ఇన్ని వేలమంది హాయిగా ఫోన్లో మాట్లాడుతున్నారు. కానీ కొందరు పూర్తిగా సర్దుకుంటారు, కొందరు సగంలో ఆగిపోతారు. ఈ రాత ఆ సగంలో ఆగినవాళ్ల కోసం.

రెండో తంటా దూరంతో. గోడకి ఆనించి టార్చి వేస్తే చిన్న చుక్క పడుతుంది, పది అడుగుల నుంచి వేస్తే గోడంతా పరుచుకుంటుంది. నాడికి దూరంగా ఉన్న ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే కరెంటు కూడా అంతే. తన వాటా పోగుల్నే కాకుండా పక్కవాళ్ల పోగుల్ని కూడా కదిలిస్తుంది. రెండు మూడు ఎలక్ట్రోడ్లు ఒకే పోగుల మీద పడితే మాట అలికేసినట్టు అవుతుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో జాక్ నోబుల్, రాబర్ట్ లాబడీ, రెనే గిఫర్డ్, బెన్వా డావాన్ కలిసి 2013లో దీనికో దారి చూపించారు. సీటీలో ప్రతి ఎలక్ట్రోడ్ నాడికి ఎంత దూరంలో ఉందో కొలిచి, పక్కదాని మీద పడుతున్నవాటిని మ్యాప్‌లో ఆపేయడం. అంతే. కొత్త ఆపరేషన్ లేదు, కొత్త మెషిన్ లేదు.

మొదటి పని: స్కాన్ కాదు, మైకు

ఇది చదివి రేపే స్కాన్ సెంటర్‌కి పరిగెత్తకండి. మాట స్పష్టంగా లేదని వచ్చినవాళ్లలో కొందరికి మైకు మూసుకుపోయి ఉంటుంది, అంతే. మన ఊరి గాలి సంగతి తెలిసిందే కదా. ఇనుప గేట్లనే తినేస్తుంది. ఉప్పుగాలి, ఉక్కపోత, చెమట కలిసి మైకు జాలీని పూడ్చేస్తాయి. మైకు కవర్ మార్చండి, కేబుల్ మార్చి చూడండి, బయట పెట్టుకునే పరికరాన్ని, అంటే ప్రాసెసర్‌ని, రాత్రిపూట తేమ పీల్చే డ్రై బాక్సులోనే పెడుతున్నారో లేదో గుర్తు చేసుకోండి. డ్రై బాక్సులోని గుళికలు రంగు మారి ఎన్నాళ్లయిందో కూడా.

అదంతా సరిగ్గా ఉంటే, రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారో చూడండి. ప్రాసెసర్ ఆ లెక్క దాచుకుంటుంది, మీ ఆడియాలజిస్టు కంప్యూటర్లో చూపించగలరు. రోజుకి మూడు గంటలు పెట్టుకునేవాళ్లకి ఏ స్కానూ సాయం చేయలేదు.

ఇది ఎవరికి పనికొస్తుంది?

నా అనుభవంలో ఎక్కువ అవసరం పడేది పెద్దయ్యాక వినికిడి పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లకి. వాళ్ల మెదడులో అసలు శబ్దం జ్ఞాపకం ఉంటుంది, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఒక చెవికి ఇంప్లాంట్, రెండో చెవికి హియరింగ్ ఎయిడ్ ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ. ఒకే గొంతు ఒక చెవిలో మామూలుగా, ఇంకో చెవిలో సన్నగా వినిపిస్తే చిరాకేస్తుంది కదా.

పుట్టుకతో వినపడని పిల్లల సంగతి వేరు. వాళ్లకి పాత జ్ఞాపకం లేదు, ఇచ్చిన మ్యాప్‌తోనే మాట నేర్చుకుంటారు. బాగా నేర్చుకుంటున్న పిల్లాడి మ్యాప్‌ని బొమ్మ చూసి తిరగరాయడానికి నేను తొందరపడను. కానీ పిల్లల్లోనూ కొందరి విషయంలో బొమ్మ తప్పకుండా చూడాలి. మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు వచ్చి వినికిడి పోయినవాళ్లు; వాళ్ల కాక్లియాలో ఎముక పెరిగి తీగ పూర్తిగా వెళ్లకపోయి ఉండొచ్చు. కాక్లియా పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడనివాళ్లు. ప్రాసెసర్ పెట్టగానే కన్ను, బుగ్గ అదిరేవాళ్లు. ఏడాదిగా థెరపీ సరిగ్గా జరుగుతున్నా ముందుకి కదలనివాళ్లు.

పాత సీడీ వెతకండి

కాక్లియా పుట్టేసరికే పెద్దవాళ్ల సైజులో ఉంటుంది, తర్వాత పెరగదు. అందుకే మీ బాబుకి రెండేళ్లప్పుడు తీసిన సీటీ వాడికి పన్నెండేళ్లొచ్చాక కూడా చెల్లుతుంది. కాక్లియా ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్న కొలతలు దాంట్లోంచే తీయొచ్చు. ఇంట్లో వెతికి ఇవి ఒకచోట పెట్టండి:

– ఆపరేషన్‌కి ముందు సీటీ, ఎమ్మారై సీడీలు. ఫిల్ములు ఉంటే అవీ తేండి, కానీ కొలతలకి సీడీయే కావాలి.
– ఆపరేషన్ అయ్యాక తీసిన ఎక్స్‌రే. చాలాచోట్ల థియేటర్లోనో మర్నాడో ఒకటి తీస్తారు.
– డిశ్చార్జ్ సమ్మరీ, కుదిరితే ఆపరేషన్ నోట్స్. "తీగ పూర్తిగా వెళ్లింది", "రెండు ఎలక్ట్రోడ్లు బయట ఉన్నాయి" లాంటి మాటలు అందులో ఉంటాయి.
– ఇంప్లాంట్ కార్డు. మోడల్ పేరు, నంబరు దాని మీద ఉంటాయి.
– పాత మ్యాప్ ప్రింట్లు.

ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ అయినవాళ్ల దగ్గర తరచూ సీడీ ఉండదు, ఆస్పత్రి ఫైల్లోనే ఉండిపోతుంది. మెడికల్ రికార్డ్స్ విభాగంలో పేషెంట్ నంబరుతో అర్జీ పెట్టి కాపీ అడగండి. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చేవాళ్లు ఈ పని మ్యాపింగ్‌కి వచ్చిన రోజే పెట్టుకోవద్దు, ఒకరోజు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

సీడీ దొరికిన రోజే కంప్యూటర్లో వేసి పెన్‌డ్రైవ్‌లోకి, ఫోన్లోని డ్రైవ్‌లోకి ఎక్కించేయండి. బీరువాలో చీరల కింద దాచిన సీడీకి మన తేమలో బూజు పట్టడం నేను చాలాసార్లు చూశాను. ఫిల్ములైతే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒకాయన పదకొండేళ్ల కిందటి ఫిల్ములు తెచ్చి నా టేబుల్ మీద విడదీస్తే బొమ్మ సగం ఒకదానికి, సగం ఇంకోదానికి వచ్చింది.

కొత్తగా తీయించాల్సి వస్తే

పాత సీటీ కాక్లియా ఎలా ఉందో చెబుతుంది. తీగ ఎక్కడుందో చెప్పాలంటే ఆపరేషన్ తర్వాతి బొమ్మ కావాలి. ఇక్కడ మూడు దారులున్నాయి, అన్నిటికీ డాక్టరు చీటీ కావాలి.

మామూలు ఎక్స్‌రే. తలని ఒక కోణంలో తిప్పి తీసే దీన్ని స్టెన్వర్స్ వ్యూ అంటారు, కొంచెం మార్చి తీస్తే కాక్లియర్ వ్యూ. చవక, రేడియేషన్ చాలా తక్కువ. ఎలక్ట్రోడ్లు ఎన్ని లోపల ఉన్నాయో లెక్కపెట్టొచ్చు, కొస మడత పడిందో లేదో తెలుస్తుంది, తీగ ఎన్ని చుట్లు తిరిగిందో అంచనా వేయొచ్చు. చిన్న పిల్లలకి నేను ఇక్కడే ఆగమంటాను. చాలాసార్లు ఇదే సరిపోతుంది.

హెచ్‌ఆర్‌సీటీ, అంటే సన్నసన్న ముక్కలుగా తీసే సీటీ. ప్రతి ఎలక్ట్రోడ్ నాడికి ఎంత దూరంలో ఉందో కావాలంటే ఇది. చీటీ మీద డాక్టరు చేత ఇలా రాయించండి, లేకపోతే తలకి తీసే మామూలు సీటీ తీసి పంపేస్తారు: "టెంపోరల్ బోన్ హెచ్‌ఆర్‌సీటీ, రెండు వైపులా, స్లైసులు 0.6 మి.మీ. లేదా అంతకంటే సన్నవి, బోన్ ఆల్గరిథమ్." ఎలక్ట్రోడ్లు లోహం కాబట్టి బొమ్మలో తెల్లగా మెరిసి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మెషిన్లో ఎక్స్‌టెండెడ్ సీటీ స్కేల్ ఉంటే అది పెట్టమని టెక్నీషియన్‌ని అడగండి, చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి.

ఇక కోన్ బీమ్ సీటీ. పళ్ల డాక్టర్లు వాడే రకం. లోహం మెరుపు తక్కువ, రేడియేషన్ కూడా మామూలుగా సీటీ కంటే తక్కువ. పెద్దవాళ్లకి ఇదే నాకు ఇష్టం. కానీ దంతాల కోసం పెట్టిన మెషిన్లు కొన్ని దవడ దాకానే చూపిస్తాయి. చెవి ఎముక పూర్తిగా వస్తుందా అని డబ్బు కట్టకముందే అడగండి. కదలకుండా కూర్చోవాలి కాబట్టి చిన్న పిల్లలతో కుదరదు.

ఎమ్మారై ఈ జాబితాలో లేదు, కావాలనే. లోపల అయస్కాంతం ఉంది. ఏ కారణానికైనా ఎమ్మారై రాస్తే ఇంప్లాంట్ కార్డు చూపించకుండా ఆ గదిలోకి అడుగు పెట్టకండి. కొన్ని మోడళ్లకి 1.5 టెస్లా దాకా, అదీ కట్టు కట్టాకే. కొన్ని కొత్తవాటికి 3 టెస్లా దాకా అనుమతి ఉంటుంది. మోడల్‌ని బట్టి కంపెనీ రాసిచ్చిన నిబంధన చూసి, సర్జన్ సరే అన్నాకే. నడుంనొప్పికి ఎమ్మారై రాసినా ఇదే మాట. ఆపరేషన్‌కి ముందు తీసిన ఎమ్మారై మాత్రం పారేయొద్దు. వినికిడి నాడి ఎంత లావు ఉందో అందులోనే తెలుస్తుంది, నాడి సన్నగా ఉన్నవాళ్ల మ్యాప్‌కి కరెంటు లెక్కలే వేరుగా ఉంటాయి.

స్కాన్ రోజు ప్రాసెసర్, తలకి అంటుకునే కాయిల్ తీసి డబ్బాలో పెట్టుకోండి. కమ్మలు, క్లిప్పులు కూడా. ప్రాసెసర్ తీశాక మీకు ఏమీ వినపడదు కాబట్టి, "కదలకు", "అయిపోయింది" అన్నవాటికి ఏ సైగ చేస్తారో టెక్నీషియన్‌తో ముందే ఒప్పందం చేసుకోండి. ఈ చిన్న విషయం ఎవరూ చెప్పరు, లోపల ఒంటరిగా పడుకున్నప్పుడు టెన్షన్ వస్తుంది. పిల్లలకైతే సీటీ కొద్ది సెకన్లలో అయిపోతుంది. నిద్రలో ఉంటే మత్తు మందు లేకుండానే చాలామందికి అయిపోతుంది. పొద్దున్నే లేపి, దారిలో బస్సులోనో రైల్లోనో కునుకు తీయనివ్వకుండా తీసుకురండి. బెరా టెస్టుకి (నిద్రలో చేసే వినికిడి పరీక్ష) తెచ్చినప్పుడు చేసిందే కదా, అలాగే. మందు ఇవ్వాల్సి వస్తే అది డాక్టరు పని, మెడికల్ షాపులో అడిగి తాగించొద్దు. గర్భంతో ఉన్నవాళ్లు తోడుగా లోపలికి వెళ్లొద్దు.

బయటికి వచ్చేముందు ఒక్క పని. సీడీ చేతికిచ్చాక అక్కడే తెరిపించి చూడండి. పదో పదిహేనో ఫొటోలు మాత్రమే ఉంటే అది మనకి పనికిరాదు. డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ మెషిన్ దాచే అసలు బొమ్మల ఫైళ్లు, వందల్లో ఉండాలి. "బాబూ, సన్న స్లైసులన్నీ డైకామ్‌లో కావాలి" అని అడిగి రాయించుకోండి. రెండ్రోజులు పోతే మెషిన్లోంచి సన్న స్లైసుల్ని తుడిచేసే సెంటర్లు ఉన్నాయి.

బొమ్మలో ఏం చూడమని అడగాలి?

రేడియాలజిస్టు రిపోర్టులో సాధారణంగా ఒక్క వాక్యం ఉంటుంది: ఇంప్లాంట్ సరైన చోట ఉంది. మ్యాపింగ్‌కి అది చాలదు. సర్జన్‌నీ, ఆడియాలజిస్టునీ ఒకేసారి కూర్చోబెట్టగలిగితే సగం పని అయినట్టే. కుదరకపోతే ఈ ప్రశ్నలు కాగితం మీద రాసి సీడీతో పాటు ఇవ్వండి.

ఎన్ని ఎలక్ట్రోడ్లు కాక్లియా లోపల ఉన్నాయి? గుమ్మం బయట మిగిలినవి ఉంటే వాటివల్ల మాట రాదు. ఒక్కోసారి నొప్పి, మధ్యచెవిలో చిమచిమ మాత్రం వస్తాయి.

కొస మడత పడిందా? తీగ కొన వెనక్కి తిరిగితే కొస ఎలక్ట్రోడ్లు ముందువాటి పక్కకి వచ్చేస్తాయి. లావు శబ్దం, సన్న శబ్దం తారుమారవుతాయి. మ్యాపింగ్‌లో రోగి "ఇది ఇందాకటి దానికంటే సన్నగా ఉంది" అని తికమకగా చెబుతుంటే మనం అతన్ని అనుమానిస్తాం. ఎక్స్‌రే తీస్తే తప్పు తీగది.

ఎంత కోణం తిరిగింది? ఒక చుట్టు అంటే 360 డిగ్రీలు. 31.5 మి.మీ. పొడవు తీగ చాలామందిలో చాలా లోతుకి వెళ్తుంది, నాడిని అంటిపెట్టుకునే రకం తీగలు ఒక చుట్టుకి అటూ ఇటూగా ఆగుతాయి. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని కాదు. మ్యాప్‌లో శబ్దం పంపకం ఈ అంకెని బట్టి మారాలి, అంతే.

తీగ మొదలుపెట్టిన గదిలోనే ఉందా, మధ్యలో పై గదిలోకి దూకిందా? కాక్లియా గొట్టంలో అంతస్తులుంటాయి. కింది అంతస్తులో ఉండాల్సిన తీగ పైదాంట్లోకి చీల్చుకుని వెళ్తే ఆ దూకిన చోటు ఎలక్ట్రోడ్ల మీద కన్నేసి ఉంచాలి.

ముఖ నాడికి ఏ ఎలక్ట్రోడ్ దగ్గరగా ఉంది? కన్ను అదిరేవాళ్లకి ఇదే ముఖ్యం. ఏ ఎలక్ట్రోడ్ దోషో ఒక్కొక్కటిగా వెతకడం కంటే బొమ్మలో అనుమానితుణ్ణి పట్టుకుని దాంతో మొదలుపెడితే గంట పని పది నిమిషాల్లో అవుతుంది.

మ్యాపింగ్ రోజు

ముందుగా పాత మ్యాప్‌తో పరీక్ష రాయించుకోండి. నిశ్శబ్దంలో ఎన్ని మాటలు, గోలలో ఎన్ని వాక్యాలు పట్టుకున్నారో అంకె కావాలి. ఇది లేకుండా కొత్త మ్యాప్ పెడితే నెల తర్వాత "బాగుందనిపిస్తోంది" తప్ప చేతిలో ఏమీ మిగలదు. తొందరలో ఉన్న క్లినిక్‌లో ఈ మెట్టు ఎగిరిపోతుంది, మీరే గుర్తు చేయండి.

తర్వాత ఇంపీడెన్స్, అంటే తీగ కరెంటుగా బాగుందో లేదో. తర్వాత నాడి స్పందన పరీక్ష. కంపెనీని బట్టి ఎన్‌ఆర్‌టీ, ఏఆర్‌టీ అంటారు. బొమ్మలో దూరంగా కనిపించిన ఎలక్ట్రోడ్లకి ఇక్కడ కూడా ఎక్కువ కరెంటు పడుతుంటే రెండు సాక్ష్యాలు కలిసినట్టు.

ఇక మార్పులు. నేను ఒకరోజు ఒక్క రకం మార్పే చేస్తాను. మొదట బయట ఉన్నవి, మడత పడ్డవి, కన్ను అదిరించేవి ఆపేస్తాను. దాంట్లో వాదనకి చోటు లేదు. ఆ తర్వాత రెండు దారుల్లో ఒకటి.

ఒకటి, శబ్దం పంపకం మార్చడం. మెడ్‌ఎల్ వాళ్లయితే సీటీ నుంచి కొలతలు తీసే ఒటోప్లాన్ అన్న సాఫ్ట్‌వేర్ ఉంది, ఆ కొలతలు వాళ్ల మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ మేస్ట్రోలోకి వెళ్తాయి, ఎలక్ట్రోడ్ ఉన్న చోటుకి తగ్గ పంపకం అదే చూపిస్తుంది. మిగతా కంపెనీల్లో ఫ్రీక్వెన్సీ టేబుల్‌ని చేత్తో మార్చాలి. ఇక్కడ ఒక చిక్కుంది. తీగ కొస 1000 దగ్గర ఆగినవాళ్లకి ఉన్నదున్నట్టు చోటు ప్రకారమే పంచితే, దానికింది శబ్దాలన్నీ పోతాయి. గొంతులోని గాంభీర్యం, తెలుగు అచ్చుల్లో సగం సమాచారం అక్కడే ఉంది. కాబట్టి పూర్తిగా చోటు ప్రకారం వెళ్లకూడదు. మధ్య శబ్దాల్ని చోటుకి దగ్గరగా జరిపి, కింది శబ్దాల్ని కొస ఎలక్ట్రోడ్ల మీద సర్దాలి. ఎంత జరపాలి అన్నది చెవి చెప్పాలి. రెండో చెవికి హియరింగ్ ఎయిడ్ ఉన్నవాళ్లు ఇక్కడ అదృష్టవంతులు. ఒక చెవిలో శబ్దం, ఇంకో చెవిలో అదే శబ్దం వినిపించి ఏది సన్నగా ఉందో అడిగి సరిచేయొచ్చు.

రెండోది వాండర్‌బిల్ట్ దారి, అడ్డం వస్తున్న ఎలక్ట్రోడ్లు ఆపడం. విజయనగరం నుంచి వచ్చే ఒక తండ్రికి ఇది చెప్పినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచారు. "ఏటి మేడమ్, ఇరవైరెండుకి కదా డబ్బులు కట్టినాం, ఆరు ఆపేత్తే ఎలా?" ఆయన బాధ అర్థమైంది. ఆపిన ఎలక్ట్రోడ్ వాటా శబ్దం పోదు, మిగతావాటికి పంచుతారు. ఆ మాటకొస్తే 22 ఉన్నా ఒక్కో క్షణంలో కరెంటు వెళ్లేది సాధారణంగా ఎనిమిది పది ఎలక్ట్రోడ్లకే. 2001లో ఫ్రీసెన్, షానన్ బృందం ఎలక్ట్రోడ్ల సంఖ్య పెంచుకుంటూ పోయి చూస్తే, ఇంప్లాంట్ ఉన్నవాళ్లలో ఏడెనిమిది దాటాక మాట గ్రహించడం పెద్దగా పెరగలేదు. ఎన్ని ఉన్నాయి అనేకంటే ఎన్ని విడివిడిగా పలుకుతున్నాయి అన్నదే లెక్క. ఇదంతా విన్నాక ఆయన "సరే, కానీ రాసివ్వండి" అన్నారు. రాసిచ్చాను. మీరూ అడగండి, ఏ నంబరు ఎలక్ట్రోడ్ ఎందుకు ఆపారో మ్యాప్ ప్రింటు మీద రాసి ఉండాలి.

ఏ దారిలో వెళ్లినా చివర్లో వినీవినపడని స్థాయి, హాయిగా వినపడే స్థాయి మళ్లీ చూడాలి. పంపకం మారితే గట్టిదనం కూడా మారుతుంది. ఇది వదిలేసి పంపించేస్తే ఆటో హారన్ దగ్గర మీరు ఎగిరి పడతారు.

పాత మ్యాప్‌ని తుడిచేయనివ్వొద్దు. ప్రాసెసర్లో ప్రోగ్రాముల గదులు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. కొత్తది మొదటి గదిలో, పాతది చివరి గదిలో పెట్టించుకోండి.

సీటీ కొలతలు తీసే సాఫ్ట్‌వేర్ మీ ఆడియాలజిస్టు దగ్గర లేకపోతే హైదరాబాదుకో చెన్నైకో మనిషి వెళ్లక్కర్లేదు, సీడీ వెళ్తే చాలు. కంపెనీ క్లినికల్ స్పెషలిస్టుకి డైకామ్ ఫైళ్లు పంపి కొలతలు తెప్పించమని మీ క్లినిక్‌నే అడగండి. పేరు, ఫోన్ నంబరు తీసేసి పంపమనండి. ప్రభుత్వ వైద్యం కావాలనుకునేవాళ్లు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఈఎన్‌టీ విభాగంలో పాత ఫైలుతో సహా వెళ్లి మాట్లాడొచ్చు.

మొదటి నెల

మొదటి రెండు మూడు రోజులు చాలామందికి కొత్త మ్యాప్ నచ్చదు. "పాతదే నయం, కనీసం అలవాటైంది" అంటారు. అద్దాలు మార్చిన రోజు మెట్లు దిగడానికి తడబడినట్టు ఇది. నొప్పి, కళ్లు తిరగడం, మొహం అదరడం ఉంటే వెంటనే పాత గదికి మార్చుకుని ఫోన్ చేయండి. అవేమీ లేకపోతే నాలుగు వారాలు కొత్తదే పెట్టుకోండి. పొద్దున కొత్తది, సాయంత్రం పాతది అని మార్చుకుంటూ ఉంటే మెదడుకి ఏదీ అలవాటు కాదు.

రోజూ పొద్దున ఒకే చోట, ఒకే దూరంలో, నోరు కనిపించకుండా ఇంట్లోవాళ్ల చేత ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనిపించండి. ఇవి లింగ్ శబ్దాలు, లావు నుంచి సన్నం దాకా అన్నీ ఇందులో వస్తాయి. వినపడ్డాయా అని కాకుండా ఏది వినపడిందో చెప్పాలి. పంపకం మారినవాళ్లు ఊ, ఈ మీద ప్రత్యేకంగా కన్నేయండి. ఈ రెండిటికీ కింది శబ్దం దాదాపు ఒకటే, పైదాంట్లోనే తేడా. అందుకే మ్యాప్ జరిగితే మొదట కలిసిపోయేవి, సరిపడితే మొదట విడిపోయేవి ఇవే. నీరు–నూరు, పీట–పూట లాంటి జంటలతో ఆడండి. పిల్లలైతే బొమ్మలు పెట్టి ఆట చేయండి.

రెండో వారం నుంచి గోలలోకి వెళ్లండి. ఎంవీపీ కాలనీ రైతుబజార్లో కూరల ధర అడగండి. జగదాంబ దగ్గర పండగ సీజన్లో మాత్రం ప్రయత్నించకండి, అక్కడ మామూలు చెవులకే మాట పట్టదు. బీచ్‌లో అలల దగ్గర నిలబడి ఎదుటి మనిషి మాట వినడం మంచి సాధనే, కానీ అల హోరు సన్నం నుంచి లావు దాకా అన్ని శబ్దాల్నీ మూసేస్తుంది కాబట్టి అక్కడ తప్పితే మ్యాప్‌ని తిట్టొద్దు. ప్రాసెసర్‌కి కవర్ మర్చిపోకండి.

ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. ఎవరి గొంతు ఎలా ఉంది, ఫోన్లో ఎవరిది అర్థమైంది, ఏ మాట తప్పింది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకావిడ రాసుకొచ్చిన పుస్తకంలో ఇలా ఉంది: "తొమ్మిదో రోజు. కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్ వేరువేరుగా తెలిశాయి. మావారి గొంతు ఇంకా ఆడగొంతులాగే ఉంది." ఆ రెండో వాక్యం చూసి కింది పంపకం ఇంకాస్త సవరించాను.

నాలుగు వారాలయ్యాక అదే జాబితా మాటలతో, అదే గోలతో మళ్లీ పరీక్ష రాయండి. అంకె పెరిగితే కొత్తది ఉంచండి. తగ్గితే పాతదానికి వెళ్లిపోండి, మొహమాటపడొద్దు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా మీ చెవి ఒప్పుకోని మ్యాప్‌ని పట్టుకుని వేలాడక్కర్లేదు. అంకె మారకపోయినా వినడం హాయిగా ఉందని మీకనిపిస్తే అది కూడా చెప్పండి, రాసుకుంటాం. రెండు మ్యాపుల ప్రింట్లూ తీయించి, తేదీ వేసి, ఆ పెన్‌డ్రైవ్‌లోనే సీటీ పక్కన ఇంకో ఫోల్డర్లో పెట్టండి.